పొద్దున్న గంటలో టిఫినూ, బాక్సులూ: ఉన్న సామాన్లతోనే పని తెమిలే పద్ధతి

కుక్కర్ ఉంది, మిక్సీ ఉంది, గ్రైండర్ ఉంది, ఆన్‌లైన్‌లో చూసి చాపర్ కూడా కొన్నారు. అయినా స్కూలు బస్సు వచ్చేసరికి బాక్సు మూత పడటం లేదు. చాలామంది తల్లులు అడిగే ప్రశ్న ఇదే: ఇంకేం కొనాలి?

చాలా ఇళ్లలో కొత్తగా కొనాల్సింది ఏమీ ఉండదు. ఉన్న వస్తువును ఏ వరసలో వాడుతున్నాం, దాని గ్యాస్కెట్టూ (కుక్కర్ మూత లోపలి రబ్బరు రింగు) జారూ మూతా ఏ స్థితిలో ఉన్నాయి అన్నదాని మీదే సమయం కలిసొస్తుంది. కింద చెప్పినవి నలుగురున్న ఇంటి లెక్క. ‘గ్లాసు’ అంటే 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు.

1. ముందు అల్మారా సర్దుకోండి

రోజూ నిజంగా పనికొచ్చేవి ఇవి:

- 5 లీటర్ల ప్రెజర్ కుక్కర్, లోపల పట్టే రెండు మూడు గిన్నెలు
- 2 లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్
- 750 వాట్ల మిక్సీ, మూడు జార్లు
- ఇడ్లీ పాత్ర
- తాడు లాగే చాపర్
- మూత గట్టిగా పట్టే స్టీలు బాక్సులు, అన్నం వేడిగా ఉండే బాక్సు ఒకటి
- మూతలున్న ఐస్ ట్రేలు రెండు
- టైమర్ (ఫోన్‌లోది చాలు)

కోడిగుడ్లు ఉడకబెట్టే మిషను, శాండ్‌విచ్‌కి ఒకటి, జ్యూసుకి ఇంకొకటి లాంటివి గట్టు మీద చోటు ఆక్రమించడమే తప్ప పొద్దున్నపూట ఆదా చేసేది తక్కువ. కరెంటు రోటీ మేకర్ కొనేముందు ఒకసారి ఆలోచించండి. దానికి మామూలు చపాతీ పిండికన్నా బాగా మెత్తగా కలిపి నానబెట్టిన పిండి కావాలి. లేకపోతే రొట్టె అప్పడంలా అవుతుంది.

కుక్కర్ కొత్తది కొంటే ఐఎస్‌ఐ గుర్తూ, దాని కింద ఐఎస్ 2347 అన్న నంబరూ చూసి తీసుకోండి. అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి మిక్సీ పట్టుకెళ్లాలనుకుంటే 110 వోల్టుల మోడలే అడగాలి. ఇక్కడ వాడే 230 వోల్టులది అక్కడ సరిగా తిరగదు.

2. ఆదివారం పని: పిండి, ముద్దలు

వారంలో ఒక్కపూట, గంటన్నర పని. ఇది జరిగితేనే మిగతా ఆరు రోజులు తేలికవుతాయి. ఈ పని ఫలానావాళ్లే చెయ్యాలని ఎక్కడా రాసిలేదు. వెల్లుల్లి పొట్టు తియ్యడం, గ్రైండర్ కడగడం ఇంట్లో మిగతావాళ్లకు అప్పజెప్పండి.

ఇడ్లీ పిండి (నలుగురికి మూడు పూటలు)

1. మినపగుళ్లు 2 గ్లాసులు కడిగి 4 గంటలు నానబెట్టండి. మరీ ఎక్కువసేపు నానితే పిండి అంత బాగా పొంగకపోవచ్చు.
2. ఇడ్లీ రవ్వ 4 గ్లాసులు రెండుసార్లు కడిగి వేరే గిన్నెలో నానబెట్టండి.
3. గ్రైండర్ ఆన్ చేసి, రాళ్లు తిరుగుతుండగా పప్పు గుప్పెడు గుప్పెడు వెయ్యండి. అంతా ఒకేసారి వేస్తే రాళ్లు ఆగిపోతాయి, బెల్టు జారుతుంది.
4. చల్లటి నీళ్లు విడతలుగా పొయ్యండి. మొత్తం రెండు నుంచి మూడు గ్లాసులు పడతాయి. పాతిక నిమిషాలు రుబ్బాలి. మధ్యలో అంచులకు అంటిన పిండిని గరిటెతో లోపలికి తొయ్యండి.
5. చిటికెడు పిండిని గిన్నెడు నీళ్లలో వేసి చూడండి. తేలితే అయినట్టే. మునిగితే ఇంకో ఐదు నిమిషాలు తిప్పండి.
6. రవ్వను గుప్పిట్లో గట్టిగా పిండి, నీళ్లు కారకుండా చూసుకుని పిండిలో కలపండి. ఇక్కడ బద్ధకిస్తే పిండి జారై ఇడ్లీ అణిగిపోతుంది.
7. పొంగడానికి సగం చోటు వదిలి పెద్ద గిన్నెలో పెట్టండి. ఎండాకాలం 6 గంటలు, మామూలు రోజుల్లో 8 నుంచి 10, చలికాలం 12 పైనే పడుతుంది.

పొంగాక గరిటెతో కలియబెట్టకుండా పైపైన తీసి మూడు డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు ఏ పూటకాపూట వేసుకోవచ్చు. ఒకే పెద్ద గిన్నెలో ఉంచి రోజూ బయటికి తీసి లోపల పెడుతుంటే మూడో రోజుకే పుల్లబడుతుంది. చలిదేశాల్లో ఉన్నవాళ్లు గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ ఆపేసి లోపలి లైటు ఒక్కటీ వేసి ఉంచితే ఆ వెచ్చదనం చాలు.

గ్రైండర్ లేకపోతే మిక్సీలోనూ అవుతుంది. జారు వేడెక్కకుండా ఐస్ నీళ్లు వాడండి. సగం జారుకు మించి వెయ్యకండి. నిమిషం తిప్పి కాసేపు ఆపండి. పిండి అంత పొంగదు కాబట్టి రవ్వ గ్లాసుకు గ్లాసున్నరే కలపండి.

అల్లం వెల్లుల్లి ముద్ద

అల్లం 250 గ్రాములు, పొట్టు తీసిన వెల్లుల్లి 250 గ్రాములు, చెంచా ఉప్పు, అర చెంచా పసుపు, రెండు పెద్ద చెంచాల నూనె. నీళ్ల చుక్క తగలకూడదు. అల్లం కడిగాక బట్ట మీద ఆరనిచ్చి అప్పుడు ముక్కలు కొయ్యండి.

మూడు నాలుగు రోజులకు సరిపడా గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. మిగతాది ఐస్ ట్రేలో నింపి గడ్డకట్టాక ముక్కలు తీసి కవర్లో వేసి ఫ్రీజర్‌లోనే ఉంచండి. కూరకు ఒక ముక్క. నూనె పోశాం కదా అని బయట గట్టు మీద ఉంచకండి. నూనెలో మునిగిన వెల్లుల్లి గది వేడిలో ఉంటే, వాసనా రంగూ మారకుండానే ప్రమాదకరమైన బాక్టీరియా పెరగొచ్చు.

చింతపండు గుజ్జు

పావు కిలో చింతపండు, రెండు గ్లాసుల వేడినీళ్లు, అరగంట. పిసికి వడగట్టి, స్టీలు గిన్నెలో పది పన్నెండు నిమిషాలు చిక్కబడేదాకా మరిగించండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకు లోహం కరుగుతుంది. చల్లారాక సీసాలో పోస్తే ఫ్రిజ్‌లో మూడు వారాలు ఉంటుంది. తడి చెంచా పెడితే ముందే బూజు పడుతుంది.

వేయించి పొట్టు తీసిన పల్లీలు ఒక డబ్బా, కొబ్బరి తురుము ఒక కవరు. అంతే.

3. ముందురోజు రాత్రి: పదిహేను నిమిషాలు

- బియ్యం, పప్పు కొలిచి గిన్నెల్లో పెట్టడం. కందిపప్పు కడిగి నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టడం
- కూరగాయలు కోసి డబ్బాలో మూత పెట్టడం
- రేపటి పూటకు కావలసిన పిండి డబ్బా, ఎండాకాలం తప్ప, పడుకునే ముందు బయట పెట్టడం
- బాక్సులూ మూతలూ చెంచాలూ గట్టు మీద వరసగా పెట్టడం
- సిలిండర్‌లో గ్యాస్ ఉందో లేదో చూడటం

దొండకాయ, బీన్స్, క్యారెట్, క్యాబేజీ రాత్రే కోసిపెట్టవచ్చు. బెండకాయ కడిగి పూర్తిగా ఆరాకే కొయ్యాలి. డబ్బా అడుగున పొడిబట్ట వేస్తే పొద్దున్నకి జిగురు రాదు. వంకాయ, అరటికాయ నల్లబడతాయి, వాటిని పొద్దున్నే కొయ్యండి. ఉల్లిముక్కల డబ్బా మూత గట్టిగా లేకపోతే పాలకూ పెరుగుకూ ఆ వాసన పడుతుంది.

చాపర్ వాడే తీరు: ఉల్లిపాయను నాలుగు ముక్కలు చేసి, గిన్నె సగం వరకే వెయ్యండి. ఎనిమిది పదిసార్లు లాగితే చాలు. అంతకుమించి లాగితే నీరొదిలి, మూకుట్లో వేగకుండా ఉడుకుతుంది. మూత సరిగా కూర్చోకుండా లాగినప్పుడే తాడు తెగుతుంది. తాడు నేరుగా లాగాలి, పక్కకు కాదు. ఎండుకొబ్బరి, పసుపుకొమ్ము లాంటి గట్టివి వెయ్యకండి. బ్లేడును చేత్తో రుద్దకుండా గిన్నెలో నీళ్లూ రెండు చుక్కల సబ్బూ వేసి నాలుగుసార్లు లాగితే అదే శుభ్రపడుతుంది.

4. కుక్కర్: ఒక్క మంట మీద అన్నం, పప్పు, కూర ముక్కలు

ఎక్కువ సమయం మిగిల్చేదీ, ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే. వెయిట్ పెట్టిన కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడికి నీళ్లు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. మామూలు గిన్నెలో వందే. ఆ తేడాతోనే పప్పు త్వరగా మెత్తబడుతుంది.

వరస ఇలా:

1. అడుగున రెండు గ్లాసుల నీళ్లు, చిల్లుల పళ్లెం.
2. కింది గిన్నెలో ముప్పావు గ్లాసు నానిన కందిపప్పు, రెండు గ్లాసులకు కాస్త తక్కువ నీళ్లు, పసుపు, రెండు చుక్కల నూనె. నూనె నురగను అణుస్తుంది.
3. దాని మీది గిన్నెలో బియ్యం గ్లాసున్నర, నీళ్లు మూడు గ్లాసులు. ఇది సోనామసూరి లెక్క. కొత్త బియ్యమైతే పావు గ్లాసు తగ్గించండి, బాగా పాతవైతే పావు గ్లాసు పెంచండి.
4. పైన పళ్లెంలో చెక్కు తియ్యని బంగాళాదుంపలు లేదా పెద్ద క్యారెట్ ముక్కలు.
5. మూత పెట్టి పెద్ద మంట. ఆవిరి గొట్టంలోంచి ధారగా వచ్చాక వెయిట్ పెట్టండి.
6. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి టైమర్ పది నిమిషాలకు పెట్టండి. తర్వాత ఆపేసి, ఒత్తిడి దానంతట అదే దిగనివ్వండి. ఇంకో పది నిమిషాలు.

విజిళ్లు లెక్కపెట్టే అలవాటు మానుకోవడం మంచిది. పెద్ద మంట మీద మూడు విజిళ్లు నాలుగు నిమిషాల్లో రావచ్చు, చిన్న మంట మీద పదిహేను నిమిషాలు పట్టొచ్చు. పప్పు ఉడికేది నిమిషాలకు, కూతలకు కాదు.

పప్పూ బియ్యమూ నేరుగా కుక్కర్‌లోనే వేసేటట్టయితే పప్పైనా బియ్యమైనా నీళ్లతో కలిపి కుక్కర్‌లో సగానికి మించకూడదు. టమాటా, చింతపండు, గోంగూర పప్పుతో కలిపి ఉడికించకండి. పులుపు తగిలితే పప్పు గింజ బిరుసుగానే ఉండిపోతుంది. విడిగా మగ్గించి తర్వాత కలపండి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువున్న ఊళ్లలో పప్పు ఎంతకీ మెత్తబడదు. తాగే నీళ్లు పోసి చూడండి, తేడా అదే రోజు తెలుస్తుంది.

కుక్కర్ మొరాయిస్తే:

- పక్కనుంచి ఆవిరి పోతోంది, విజిల్ రాదు. మూత అంచున అన్నం మెతుకు ఉందేమో, పిడి స్క్రూ వదులైందేమో చూడండి. గ్యాస్కెట్ సాగి ఉంటే పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే ఆ పూటకు పట్టుకుంటుంది. మర్నాడు కొత్తది వెయ్యండి.
- పక్కకు పోదు, పైకీ రాదు. మంట ఆపి, చల్లారాక మూత తీసి ఆవిరి గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడండి. అవతలి వెలుగు కనపడకపోతే పప్పు తొక్క అడ్డుపడింది. సన్నటి తీగతో పొడిచి నీళ్ల ధార కింద పెట్టండి.
- విజిల్‌తో పాటు పప్పు నీళ్లు చిమ్ముతున్నాయి. మంట ఎక్కువ, లేదా గిన్నె నిండా నీళ్లు పోశారు.
- సేఫ్టీ వాల్వ్ (ఒత్తిడి మరీ పెరిగితే ఆవిరిని వదిలేసే, మూత మీది చిన్న బిళ్ల) పోయింది. అడుగున నీళ్లు ఇంకిపోవడమో, గొట్టం మూసుకుపోవడమో కారణం. కారణం సరిచేసి అదే కంపెనీ వాల్వ్ వేయించండి. ఆ రంధ్రంలో ఇంకేదైనా కుక్కి వాడటం చాలా ప్రమాదం.
- మూత రావడం లేదు. లోపల ఇంకా ఒత్తిడి ఉంది. బలవంతం చెయ్యకండి.

కడిగాక గ్యాస్కెట్‌ను మూతకు తొడిగి ఉంచకుండా విడిగా వేలాడదీస్తే ఎక్కువ కాలం సాగకుండా ఉంటుంది.

5. గంట ఎలా గడవాలి

నమూనాకు: ఇడ్లీ, పల్లీ చట్నీ. బాక్సులోకి అన్నం, టమాటా పప్పు, దొండకాయ వేపుడు, పెరుగన్నం. రెండు బర్నర్ల పొయ్యి.

- 0 నిమిషం: పెద్ద బర్నర్ మీద కుక్కర్. రెండోదాని మీద ఇడ్లీ పాత్రలో నీళ్లు.
- 5: ప్లేట్లకు నూనె రాసి పిండి వెయ్యండి. నీళ్లు మరిగి ఆవిరి వచ్చాకే లోపల పెట్టాలి. ఇడ్లీని మామూలు కుక్కర్‌లో వండితే వెయిట్ పెట్టకూడదు.
- 8 నుంచి 18: చట్నీ. పల్లీలు, పచ్చిమిర్చి, చింతపండు గుజ్జు, ఉప్పు. పోపు బర్నర్ ఖాళీ అయ్యాక.
- 20: ఇడ్లీ దించి ఐదు నిమిషాలు ఆగండి, తర్వాత తడి చెంచాతో తియ్యండి. వెంటనే తీస్తే అడుగు అంటుకుపోతుంది. ఆ బర్నర్ మీద ముందు పోపు ఒక్కసారే ఎక్కువ పెట్టి చట్నీకి కొంత, పప్పుకు కొంత ఉంచుకోండి. తర్వాత మూకుడు, దొండకాయ. మొదట మూత పెట్టి మగ్గించి, ఉప్పు చివర్లో వెయ్యండి.
- 23: టైమర్ మోగగానే కుక్కర్ ఆపు. ఖాళీ అయిన బర్నర్ మీద టమాటాలు మగ్గించండి.
- 35: కుక్కర్ మూత. అన్నం పళ్లెంలోకి. పప్పు మెదిపి టమాటాలో కలిపి, ఉంచిన పోపు వేసి ఒక పొంగు రానివ్వండి.
- 42 నుంచి 50: బాక్సులు.

మిగిలిన పది నిమిషాలు కాఫీకి. లేదా కనిపించకుండా పోయిన సాక్సుకి.

6. మిక్సీ

జారు సగం నింపండి. మొదట ఆపుతూ ఆపుతూ రెండు మూడుసార్లు, తర్వాతే ఏకధాటిగా. వేడి టమాటా గుజ్జు మూత బిగించి తిప్పితే ఆవిరికి మూత ఎగురుతుంది. చల్లారనివ్వండి.

- తిరుగుతూ ఠక్కున ఆగిపోతే: స్విచ్ ఆపి ప్లగ్ తీసి, జారులోది సగం తీసెయ్యండి. పావుగంట ఆగి మిక్సీ అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కండి. మోటారు కాలకుండా అదే ఆపింది.
- మోటారు తిరుగుతూ బ్లేడు తిరగకపోతే: కప్లర్ (మోటారునూ జారునూ కలిపే పళ్ల చక్రం) పళ్లు అరిగాయి. జారు కింద నల్లటి రబ్బరు పొడి కనిపిస్తుంది. కప్లర్ మారిస్తే సరి.
- జారు కిందినుంచి నీళ్లు కారితే: బుష్ (జారు అడుగున బ్లేడు ఇరుసును పట్టి ఉంచే భాగం) పోయింది. ఆ జారును వెంటనే పక్కన పెట్టండి. ఆ నీళ్లు మోటారులోకి దిగితే చిన్న ఖర్చు పెద్దదవుతుంది.

ఇండక్షన్ పొయ్యి కూడా వాడేవాళ్లు దాన్నీ మిక్సీనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టకండి. పెద్ద ఇండక్షన్ పొయ్యి 1800 నుంచి 2000 వాట్లు లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల ప్లగ్ విడిగా ఉండాలి.

7. బాక్సు కట్టడం

వేడి నిలిపే బాక్సులో అన్నం పెట్టే ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టి పారబొయ్యండి. చల్లటి బాక్సులో పెడితే అన్నం వేడిని ముందు ఆ స్టీలే లాగేస్తుంది. పొగలు కక్కే అన్నాన్ని నిండా కూరి వెంటనే మూత పెట్టాలి.

మామూలు స్టీలు బాక్సుకు ఇది పూర్తిగా తిరగేసుకోండి. అన్నం పళ్లెంలో పరిచి ఆవిరి పోయాక పెట్టాలి. లేకపోతే మూతకు పట్టిన నీళ్లు కిందికి కారి, మధ్యాహ్నానికి అన్నం చెమ్మగా, వాసనగా ఉంటుంది.

పెరుగన్నం పుల్లబడకూడదంటే అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక చిన్న చెంచా పెరుగు కలపండి. మధ్యాహ్నానికి అక్కడే తోడుకుంటుంది. పొద్దున్న కాస్త పల్చగా కనిపించాలి, తర్వాత గట్టిపడుతుంది.

ఎండాకాలం కొబ్బరి చట్నీ బాక్సులో పెట్టకండి. పల్లీ చట్నీ లేదా కారప్పొడి మేలు.

కారుతున్న మూతను పారేసే ముందు రబ్బరు రింగు ఊడదీసి చూడండి. గాడిలో పాత నూనె, పసుపు ముద్ద కట్టి ఉంటుంది. వేడినీళ్లలో వంటసోడా వేసి రింగును అరగంట నానబెట్టి, గాడిని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆరాక బిగించి, సగం నీళ్లు పోసి ఐదు నిమిషాలు బోర్లా పెట్టండి. అప్పటికీ కారితే రింగు మార్చాలి.

8. నెలకొకసారి చూడాల్సినవి

- [ ] కుక్కర్ గ్యాస్కెట్: పగుళ్లు, గట్టిపడటం, సాగడం
- [ ] ఆవిరి గొట్టం, వెయిట్ లోపలి రంధ్రం
- [ ] కుక్కర్ పిడి స్క్రూలు
- [ ] మిక్సీ కప్లర్, జార్ల అడుగు
- [ ] గ్రైండర్ బెల్టు: రాళ్లు ఆగి ఆగి తిరుగుతున్నాయా
- [ ] గ్యాస్ ట్యూబు మీద ముద్రించిన తేదీ. సురక్షా ట్యూబు ఐదేళ్లకు మించి వాడకూడదు
- [ ] ఫ్రీజర్‌లోని కవర్ల మీద తేదీలు
- [ ] బాక్సు మూతల రింగులు

గ్యాస్కెట్ కొనడానికి వెళ్లేటప్పుడు కుక్కర్ ఎన్ని లీటర్లదో, ఏ మోడలో ఫోటో తీసుకుని, పాత గ్యాస్కెట్‌ను కూడా సంచిలో వేసుకెళ్లండి. ఒకే కంపెనీ 5 లీటర్ల కుక్కర్లలోనే లోపలి మూతవీ బయటి మూతవీ ఉంటాయి, వాటి రబ్బరు ఒకదానికొకటి పట్టదు. పనిలో పనిగా ఒకటి ఎక్కువే తీసుకోండి.